పెట్టె ఊడిపోతే హెచ్‌ఆర్‌ని అడుగుతారా? క్వాలిటీలో మన పని ఎంతవరకు?

నాగావళి_గట్టు:
నమస్కారం అందరికీ. రాయగడకి దగ్గర్లో అట్టపెట్టెలు చేసే ఒక యూనిట్లో హెచ్‌ఆర్ చూస్తున్నాను. కంపెనీ పేరు అడక్కండి, మన ఊళ్లలో ఒకరు తుమ్మితే పదిమందికి తెలిసిపోతుంది.

సంగతి ఇది. ఒక పెద్ద కస్టమరు లోడు వెనక్కి పంపాడు, అట్ట పొరలు గమ్ పట్టక విడిపోతున్నాయని. మా క్వాలిటీ వాళ్లు రిపోర్టులో కారణం దగ్గర "ఆపరేటర్ నిర్లక్ష్యం" అని, తీసుకున్న చర్య దగ్గర "మళ్లీ ట్రైనింగ్, బాధ్యత హెచ్‌ఆర్" అని రాసి చేతులు దులుపుకున్నారు. ఆ తర్వాత ఐఎస్‌ఓ (క్వాలిటీ పద్ధతుల సర్టిఫికెట్) ఆడిటరు వచ్చి ట్రైనింగ్ రిజిస్టరు తిప్పుతూ ఒక పేజీ దగ్గర ఆగి, ఈ సంతకాలన్నీ ఒకే పెన్నుతో ఒకే వాలులో ఉన్నాయేంటమ్మా అన్నారు. అందులో సంతకం ఉన్న ఒకతను ఆ రోజు సెలవులో ఉన్నాడని మా హాజరు మెషినే చెబుతోంది! రిజిస్టరు నింపింది లైను సూపర్వైజరు, నిలబడి మాటలు పడింది నేను. ఇప్పుడు మేనేజరు గారు మీటింగులో అందరి ముందూ "క్వాలిటీ కోసం హెచ్‌ఆర్ ఏం చేస్తోంది?" అని అడుగుతున్నారు.

నిజంగానే అడుగుతున్నాను, గమ్ పట్టకపోతే అది హెచ్‌ఆర్ పనా? ఎంతవరకు మనది, ఎక్కడి నుంచి వాళ్లది? ఆడిటరు నాన్‌కన్ఫర్మిటీ, అంటే పని ప్రమాణం ప్రకారం లేదని, రాసి వెళ్లారు, దానికి జవాబు పంపాలి.

లెక్కల_మనిషి:
మీది కాదు. హెచ్‌ఆర్ అంటే జీతాలు, పీఎఫ్, ఈఎస్‌ఐ, గేటు పాసులు. క్వాలిటీకి విడిగా డిపార్ట్‌మెంటు ఉంది కదా, దాని హెడ్డుకి మీకన్నా ఎక్కువ జీతం కూడా ఇస్తున్నారు. ఎవరి పని వాళ్లు చేసుకుంటే గొడవే ఉండదు.

సీ_షిఫ్ట్:
పైన రాసిన సార్ ఎప్పుడైనా లైను మీద నిలబడ్డారా? నాది గుణుపురం, ఇలాంటి అట్టల లైనులోనే షిఫ్టు చూస్తాను. మేడమ్, గమ్ ఎందుకు పట్టదో ముందు చెబుతాను, అది ఎవరి పనో తర్వాత మీరే తేల్చుకోండి.

అది స్టార్చి గమ్. వేడి తగిలితేనే ఉడికి అతుక్కుంటుంది, సుమారు 60 డిగ్రీలు దాటాలి. లైను స్పీడు పెంచితే ఆ వేడి అందదు. గోడౌన్లో తడి పీల్చిన పేపరు రోల్ ఎక్కించినా అందదు, వర్షాకాలంలో మరీను. గమ్ పలచనైనా పట్టదు. ఇందులో ఎక్కడా ఆపరేటరు నిద్రపోనక్కర్లేదు, మెలకువగా ఉండి చెప్పింది చెప్పినట్టు చేసినా పొరలు ఊడతాయి.

ఇప్పుడు వినండి. మాకు నెలాఖరు ఇన్సెంటివ్ మీటర్ల మీద, ఎంత అట్ట తీస్తే అంత డబ్బు. వెనక్కి వచ్చిన లోడుకి కోత లేదు, ఎందుకంటే అది తిరిగొచ్చేసరికి డబ్బులు పంచేసి ఉంటారు. షిఫ్టు ఆఖరి గంటలో టార్గెట్ అందేలా లేదంటే స్పీడు ముల్లు ఎటు తిరుగుతుందో విడిగా చెప్పాలా? ఆ ఇన్సెంటివ్ స్కీము కాగితం మీద సంతకం ఎవరిది, హెచ్‌ఆర్‌ది.

ఇంకోటి. మా దగ్గర గమ్ కలిపే పాతమనిషి ఒకాయన ఉండేవాడు. గమ్‌ని కప్పులో పోసి అడుగున కన్నంలోంచి ఎన్ని సెకన్లలో కారుతుందో చూసేవాడు, ఒక్కోసారి కర్రతో తిప్పి కప్పు ముట్టకుండానే చెప్పేసేవాడు. ఏప్రిల్లో కాంట్రాక్టరు మారాడు, ఆయనతో పాటు మనిషీ పోయాడు. కొత్తగా వచ్చిన కుర్రాడికి ఎవరూ ఏమీ నేర్పలేదు, చిక్కగా ఉందనిపిస్తే నీళ్లు పోస్తున్నాడు. ఆ కప్పు కన్నంలో గమ్ ఎండిపోయి మూసుకుపోయి కిటికీలో పడి ఉంది. ఆ కుర్రాడిది నిర్లక్ష్యం అంటారా మీరు?

నాగావళి_గట్టు:
సీ షిఫ్ట్ అన్నా, మాకూ ఏప్రిల్లోనే కాంట్రాక్టరు మారాడు. మీరు చెప్పేది చదువుతుంటే మా లైనే కళ్ల ముందు కనిపిస్తోంది. కప్పు సంగతి రేపు వెళ్లి చూస్తాను.

గంజాం_కుర్రోడు:
బరంపురంలో ఎంబీఏ చేస్తున్నాను. టీక్యూఎం (టోటల్ క్వాలిటీ మేనేజ్‌మెంట్) పేపర్లో "ఉద్యోగుల భాగస్వామ్యం" అని ఒక యూనిట్ ఉంది, పది మార్కుల ప్రశ్న వస్తుంది, రాసేస్తాం. ఇక్కడ చదువుతున్నది అందులో లేదు. అసలు ఐఎస్‌ఓలో హెచ్‌ఆర్ గురించి ఏముంటుంది, ఎవరైనా మామూలు భాషలో చెబుతారా?

పాత_ఇన్‌స్పెక్టర్:
నేను చెబుతాను బాబూ. ఉద్యోగం హైదరాబాద్ రామచంద్రాపురంలో చేశాను, ఇప్పుడు పర్లాకిమిడిలో ఉంటున్నాను, టైముకి కొదవలేదు.

ఐఎస్‌ఓ 9001, 2015 వెర్షన్ తీసుకో. 7.2 క్లాజు సామర్థ్యం గురించి. ఈ పనికి ఏం తెలిసి ఉండాలో ముందు నిర్ణయించాలి, పని చేసేవాడికి చదువు వల్లో, ట్రైనింగ్ వల్లో, అనుభవం వల్లో అది ఉందని చూసుకోవాలి, లేకపోతే వచ్చేలా చెయ్యాలి, చేసింది పనిచేసిందో లేదో తేల్చాలి, రుజువు దాచాలి. మన వాళ్లు వీటిలో చివరిదొక్కటే పట్టుకున్నారు, రుజువు. ట్రైనింగ్ జరిగిందని రిజిస్టరు చూపిస్తారు, అతనికి పని వచ్చిందని చూపించమంటే బిక్కమొహం వేస్తారు. నాగావళి అమ్మాయి, ఆడిటరు నీ దగ్గర పట్టుకున్నది కూడా సంతకాలు కాదనుకుంటున్నాను. ఆ సంతకాల కింద ఏమీ లేదన్నది ఆయన బాధ.

రెండోది, ఆ క్లాజులో "సంస్థ అదుపులో పనిచేసే వ్యక్తులు" అని ఉంటుంది. పర్మినెంటు వాళ్లు అని లేదు. గమ్ కలిపే కాంట్రాక్టు కుర్రాడు కూడా అందులోకే వస్తాడు, అతని జీతం ఎవరు ఇస్తున్నారన్నది ఆడిటరుకి అనవసరం.

8.5.1లో మనిషి పొరపాట్లు జరగకుండా చర్యలు తీసుకోవాలని ఒక మాట ఉంది, 2015లో కొత్తగా వచ్చింది. అంటే పొరపాటు జరగడానికి వీల్లేకుండా పని అమర్చాలని అర్థం, పొరపాటు చేసినవాణ్ణి పిలిచి తిట్టమని కాదు. 7.1.4లో పనిచేసే చోట వేడి, వెలుతురు, చప్పుడుతో పాటు మనుషుల మీద ఒత్తిడి, గొడవలు లేని వాతావరణం కూడా లెక్కలోకి వస్తాయని నోట్ ఉంది. ఇది చదివిన హెచ్‌ఆర్ మేనేజర్లు నాకు బాగా తక్కువ మంది తగిలారు.

డెమింగ్ పేరు విన్నావుగా? 1950లో జపాన్ వెళ్లి అక్కడి ఇంజనీర్లకీ యజమానులకీ క్వాలిటీ పాఠాలు చెప్పిన ఆయన. ఆయన 14 సూత్రాల్లో ఎనిమిదోది భయాన్ని తరిమెయ్యమని. పదకొండోది కోటాలు, అంకెల టార్గెట్లు తీసెయ్యమని. మనిషి తన పని చూసుకుని గర్వపడకుండా అడ్డుపడే వాటిని తొలగించమని పన్నెండోది, అందులో ఏడాదికోసారి మార్కులు వేసే పద్ధతిని కూడా కలిపాడు. ఈ మూడూ ఎవరి బల్ల మీద ఉంటాయి? భయం క్రమశిక్షణ నోటీసుల్లోంచి వస్తుంది, కోటా ఇన్సెంటివ్ స్కీములోంచి, మార్కులు అప్రైజల్లోంచి. మూడు ఫైళ్లూ హెచ్‌ఆర్ బీరువాలోనే ఉంటాయి. లెక్కల మనిషి గారు దీనికి ఏమంటారో.

లెక్కల_మనిషి:
ఏమంటాను, పుస్తకంలో బాగానే ఉంటుంది సార్. టార్గెట్ తీసేస్తే రేపు లైను నడుస్తుందా? డెమింగ్ గారు మా ఓనరుకి జీతాల రోజు డబ్బు సర్దుతారా? పైగా కాంట్రాక్టు లేబర్‌కి మనం దగ్గరుండి ట్రైనింగులు ఇస్తే, రేపు వాళ్లు కోర్టుకెళ్లి మేం కంపెనీ మనుషులమే అంటారని మా లాయరే చెప్పాడు. ఇది కూడా ఆలోచించాలి కదా.

జీడిపిక్క:
టార్గెట్లు, కోతల గురించి నేనూ ఒక మాట చెబుతాను. కాశీనగర్ దగ్గర మాది చిన్న జీడిపప్పు బట్టీ. పలాస వాళ్ల ముందు మేం లెక్కలోకి రాం. హెచ్‌ఆర్ అని విడిగా ఎవరూ లేరు, నేనూ మా ఆవిడానూ.

పని పీసు రేటు మీద. పిక్క కొట్టేవాళ్లు, తొక్క తీసేవాళ్లు, గ్రేడింగ్ చేసేవాళ్లు దాదాపు అందరూ ఆడవాళ్లే. గుండుకీ, అంటే విరగని పప్పుకీ, ముక్కకీ ధరలో ఎంత తేడానో ఇటువైపు అందరికీ తెలుసు. డబ్ల్యూ320 గ్రేడు అంటే పౌనుకి 300 నుంచి 320 గుండ్లు తూగాలి. విరిగిందా, బద్ద కిందో ముక్క కిందో పోయినట్టే. మా నాన్నగారి హయాంలో కూలి కేజీ లెక్క. చేతులు పరిగెత్తేవి, ముక్క పెరిగేది. దాంతో ముక్కకి కోత పెట్టారు. ఒక్క వారంలో ముక్కలు తగ్గిపోయాయి, మా నాన్న మీసం తిప్పాడు. తర్వాత తొక్క వేసే గోనె బరువెక్కిందని ఎవరో దులిపితే పప్పు ముక్కలు బొలబొలా రాలాయి. కోత పడుతుందంటే ముక్కని చూపించేదెవరు?

అసలు తిరకాసు డ్రయ్యరులో ఉంది. పప్పు మరీ ఎండితే చెయ్యి ఎంత నెమ్మదిగా పెట్టినా విరుగుతుంది. సరిగ్గా ఎండకపోతే తొక్క ఊడదు, చాకుతో గీకాలి, పప్పు మీద గీత పడుతుంది. డ్రయ్యరు చూసేవాడికి నెల జీతం, ముక్క ఎంతయినా వాడికి పైసా తగ్గదు. కోత మాత్రం తొక్క తీసే ఆమెకి! ఇప్పుడు ట్రేకి ఒక చీటీ పెడుతున్నాం, ఏ బ్యాచ్, ఎప్పుడు దింపారు అని. ఒకే బ్యాచ్ ట్రేలు నలుగురి దగ్గరా విరుగుతుంటే డ్రయ్యరు దగ్గరికి వెళతాం, ఒక్కరి దగ్గరే అయితే ఆమె పక్కన మంచి చెయ్యి ఉన్న మనిషిని కూర్చోబెడతాం. కోత తీసేసి గుండుకి రేటు పెంచాం. పిక్క కొట్టేవాళ్లకి ఆముదం, గ్లవ్స్ మేమే ఇస్తాం, పిక్క తొక్కలోని జీడి నూనె అంటి చేతులు కాలిన మనిషి పప్పు నాజూగ్గా తియ్యమంటే ఎలా తీస్తుంది?

ఇంకో సంగతి, తిండి వస్తువుల భద్రత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రూలు ప్రకారం తినే వస్తువు ముట్టేవాళ్లకి ఏడాదికోసారి డాక్టరు పరీక్ష ఉండాలి, ప్రతి 25 మందికీ ట్రైనింగ్ అయిన సూపర్వైజరు ఒకరు ఉండాలి. ఇవి క్వాలిటీ కాగితాలా, హెచ్‌ఆర్ కాగితాలా? మా ఇంట్లో రెండూ ఒకే అలమారాలో ఉంటాయి.

సీ_షిఫ్ట్:
జీడిపిక్క అన్నా, దండాలు. మా దగ్గర ఊడిన అట్టలు కట్ట మధ్యలో పెట్టి పైనా కిందా మంచివి పెడతారు. గోనె సంచి కథే.

గంజాం_కుర్రోడు:
ఆ గోనె సంగతి నా ప్రాజెక్టులో రాసుకోవచ్చా? ఊరి పేరు పెట్టను.

జీడిపిక్క:
రాసుకో తమ్ముడూ. మా నాన్న మీసం మాత్రం తీసెయ్.

బల్లార్షా_బాబాయ్:
ఆలస్యంగా చూశాను ఈ చర్చ. మాది సిరొంచ, చాలాకాలంగా చంద్రపూర్ వైపు ఫ్యాక్టరీల్లో హెచ్‌ఆర్‌లోనే ఉన్నాను. నాగావళి తల్లీ, ఆడిటరుకి జవాబు సంగతి తర్వాత, ముందు పని చూద్దాం.

లెక్కల మనిషి గారి లాయరు భయం ఉత్తది కాదు. రోజువారీ అజమాయిషీ ఎవరు చేస్తున్నారన్నది కోర్టులో చూసే విషయమే. దానికి మందు ట్రైనింగ్ మానెయ్యడం కాదు, కాంట్రాక్టులోనే రాయించుకోవడం. ఈ పనికి ఇది వచ్చినవాణ్ణే పంపాలి, అతని ట్రైనింగ్ రికార్డు ఇవ్వాలి, మనిషి మారితే పాతవాడు కొత్తవాడి పక్కన కొన్నాళ్లు ఉండి అప్పజెప్పాలి అని. అన్ని పనులకీ అక్కర్లేదు. మీ లైనులో మనిషి మారితే సరుకు పాడయ్యే చోట్లు ఐదో ఆరో ఉంటాయి, గమ్ కలిపేది అందులో మొదటిది. ఆ జాబితా హెచ్‌ఆర్ ఒక్కతే కూర్చుని రాస్తే తప్పులొస్తాయి, సీ షిఫ్ట్ లాంటి మనిషిని పక్కన పెట్టుకోండి. టెండర్లో తక్కువ కోట్ చేసినవాడికే కాంట్రాక్టు ఇచ్చే చోట ఈ షరతులు ముందే టెండరు కాగితంలో ఉండాలి, తర్వాత కలపమంటే వాడు రేటు పెంచుతాడు.

రిజిస్టరు పక్కన పడేసి స్కిల్ మ్యాట్రిక్స్ పెట్టండి. నిలువు గడుల్లో మనుషులు, అడ్డం గడుల్లో పనులు, ఒక్కో గడిలో నాలుగు మెట్లు: తెలీదు, ఎవరైనా పక్కనుంటే చేస్తాడు, ఒక్కడే చేస్తాడు, ఇంకొకరికి నేర్పగలడు. మెట్టు ఎక్కించే సంతకం హెచ్‌ఆర్‌ది కాకూడదు, లైనులో నిలబడి అతను చేస్తుంటే చూసినవాడిది కావాలి. డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లోనే చెప్పాడు, ట్రైనింగ్‌ని నాలుగు రకాలుగా కొలవాలని: నచ్చిందా, వచ్చిందా, పనిలో వాడుతున్నాడా, ఫలితం మారిందా. మనం ఫీడ్‌బ్యాక్ ఫారం నింపించి మొదటి దాని దగ్గరే ఆగిపోతాం. "బాగుంది సార్, టీ కూడా ఇచ్చారు" అని రాస్తారు పాపం.

భాష ఇంకో తలనొప్పి. మా దగ్గర ఒకే షిఫ్టులో మరాఠీ, తెలుగు, హిందీ, గోండీ మాట్లాడేవాళ్లు ఉంటారు. మీకు తెలుగు, ఒడియా, కువి, సవర. ఇంగ్లీషులో ఎనిమిది పేజీల పద్ధతి రాసి గోడకి కొడితే సూపర్వైజరు కూడా చదవడు. ఒక బోర్డు మీద మంచి అట్ట ముక్క ఒకటి, ఊడిన ముక్క ఒకటి, నలిగిన ముక్క ఒకటి నిజంవే మేకు కొట్టి లైను పక్కన పెట్టించండి. వేలితో తడిమి తెలుసుకుంటారు. నెలకోసారి ముక్కలు మార్చాలి, దుమ్ము పడితే అన్నీ ఒకేలా ఉంటాయి.

మనుషుల్ని తీసుకునేటప్పుడు కూడా చూసుకోవాలి. మీ దగ్గర ప్రింటింగ్ ఉంటే, రంగు సరిచూసే మనిషికి రంగులు సరిగా కనిపిస్తాయో లేదో ఇషిహారా పరీక్ష చేయించండి. చుక్కల్లో అంకెలు చదివే పటాలు అవే. నేనున్న ఒక చోట, పేరు వద్దు, ఎరుపు రంగు మీద పదేపదే గొడవ వచ్చేది. చివరికి తేలింది ఏంటంటే చూసే మనిషికి ఎరుపు పచ్చ తేడా సరిగా కనబడదు. బుద్ధిమంతుడు, ఒక్కరోజు సెలవు పెట్టేవాడు కాదు. తీసెయ్యమన్నారు, స్టోర్స్‌కి మార్పించాను.

ఇక అసలు కీలకం, మీ క్వాలిటీ ఇన్‌స్పెక్టరు ఎవరి కింద పనిచేస్తున్నాడు? అతని ఇంక్రిమెంటు రాసేది ప్రొడక్షన్ మేనేజరు అయితే మిగతావి ఎన్ని చేసినా దండగ.

నాగావళి_గట్టు:
ప్రొడక్షన్ మేనేజరే రాస్తారు సార్.

పాత_ఇన్‌స్పెక్టర్:
అయితే "ఆపరేటర్ నిర్లక్ష్యం" అని ఎందుకు రాశారో అర్థమైంది. స్పీడు పెంచారని రాస్తే ఎవరి పీకకి చుట్టుకుంటుంది? పాపం ఆ ఇన్‌స్పెక్టరు కూడా పిల్లల ఫీజులు కట్టుకోవాలి.

బల్లార్షా గారి స్కిల్ మ్యాట్రిక్స్‌కి ఒక తోక. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికాలో ఫ్యాక్టరీల్లోకి కొత్తవాళ్లు గుంపులుగా వచ్చినప్పుడు వాళ్లకి పని నేర్పడానికి టీడబ్ల్యూఐ అని ఒక కార్యక్రమం పెట్టారు. నాలుగే అడుగులు: మనిషిని కుదురుగా కూర్చోబెట్టు, చేసి చూపించు, అతని చేత చేయించు, తర్వాత మళ్లీ మళ్లీ వెళ్లి చూడు. యుద్ధం అయ్యాక జపాన్ వాళ్లు దాన్ని తీసుకుపోయి వదలకుండా పట్టుకున్నారు, టొయోటా కూడా. గమ్ కలిపే కుర్రాడికి కావలసింది ఇది. ప్రొజెక్టరు పెట్టిన క్లాసు కాదు. పాత మనిషి ఇంకా ఊళ్లోనే ఉంటే కొన్నాళ్లు కూలి ఇచ్చి పిలిపించండి, పోయేది ఏమీ లేదు.

మన దేశంలో మొదటి క్వాలిటీ సర్కిల్ 1980లో మా రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌లోనే మొదలైంది, 1982లో సికింద్రాబాద్ కేంద్రంగా దానికి ఫోరం కూడా వచ్చింది. ఒకే చోట పనిచేసేవాళ్లు కొద్దిమంది కూర్చుని తమ పనిలో చిక్కు తామే విప్పుకోవడం, అంతే దాని సారం. తర్వాత చాలా కంపెనీల్లో అది పోటీలకి చార్టులు గీసే కార్యక్రమంగా మారింది, అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మీరు పెడితే పేరు పెట్టకండి, బ్యానరు కట్టకండి.

లెక్కల_మనిషి:
సరే, ఒప్పుకోను గానీ ఒకటి అడుగుతాను. నాగావళి గారూ, వెనక్కి వచ్చిన లోడుకి రానుపోను లారీ కిరాయి, మళ్లీ చేసిన పేపరు, ఓటీ, ఇవన్నీ కలిపి ఎవరైనా లెక్క వేశారా? దాన్ని ఇన్సెంటివ్ పంచిన మొత్తం పక్కన పెట్టి ఓనరుకి చూపించండి. భయం, గర్వం అంటే ఆయన వినడు, ఇది వింటాడు. స్కీము మార్చాలంటే అదొక్కటే దారి.

సీ_షిఫ్ట్:
చూశారా, సార్ మన దారిలోకి వచ్చేశారు.

లెక్కల_మనిషి:
రాలేదు. లెక్క చెప్పాను.

నాగావళి_గట్టు:
అందరికీ చాలా థాంక్స్. కప్పు మా దగ్గరా ఉంది, స్టోర్స్‌లో డబ్బా వెనక, ఏప్రిల్ తర్వాత ఎవరూ ఇష్యూ చేయించుకోలేదు. లెక్క అకౌంట్స్ అతనితో కూర్చుని వేయిస్తున్నాను, ఇంకా పూర్తి కాలేదు. ఆడిటరుకి జవాబులో "రిజిస్టరు సరిచేశాం" అని రాయమని మేనేజరు గారు అంటున్నారు, నేను స్కిల్ మ్యాట్రిక్స్ రాస్తానని పట్టుబట్టాను. కాంట్రాక్టు షరతులు వచ్చే ఏప్రిల్ టెండరుకి అన్నారు. ఇన్‌స్పెక్టరు రిపోర్టింగ్ మార్చే సంగతి ఎత్తగానే గదిలో అందరూ ఫోన్లు చూసుకున్నారు, అది ఇప్పట్లో కాదు.

ఒక చిక్కు మిగిలింది. నేర్పడానికి టైము ఎక్కడిది? షిఫ్టు అయ్యాక ఓటీ ఇచ్చి ఆపుతామంటే మేనేజరు గారు ఒప్పుకోలేదు. షిఫ్టు మధ్యలో అరగంట లైను ఆపడానికీ ఒప్పుకోలేదు. రథయాత్ర వస్తోంది, అప్పుడు సగం మంది రారు, లైను ఎలాగూ ఒకటే నడుస్తుంది, అప్పుడు పెడితే?

బల్లార్షా_బాబాయ్:
పండగ రోజుల్లో పెట్టకండి. వచ్చేది సగం మంది, వాళ్లలోనూ బుర్ర ఊళ్లో ఉంటుంది. మెయింటెనెన్స్ షట్‌డౌన్ ఎప్పుడు?

సీ_షిఫ్ట్:
షట్‌డౌన్ దాకా ఆగక్కర్లేదు మేడమ్. సైజు మార్చేటప్పుడు లైను ఎలాగూ ఆగుతుంది, సెట్టింగ్ చేసేవాళ్లు ఇద్దరే, మిగతావాళ్లు బయటికెళ్లి ఖైనీ నలుపుతుంటారు. గమ్ కుర్రాణ్ణి, పాత మనిషిని ఆ టైములో ట్యాంకు దగ్గర నిలబెట్టండి, చాలు. ప్లానింగ్ వాళ్లని అడిగితే ఏ రోజు ఎన్ని సైజులు మారతాయో ముందు రోజు సాయంత్రమే చీటీ ఇస్తారు. ఆ చీటీ ఒక కాపీ మీకూ పంపమనండి.